వలకి ఎన్ని కన్నులు

షెట్లాండ్ దీవుల్లో జూన్ నెల.
రాత్రి పదకొండైనా దీపం అక్కర్లేదు.
వలలు బాగుచేసే షెడ్డులో నా సెలవుల పని.
సాల్మన్ చేపల బోనులకి కట్టిన వలలు
సీళ్ళు కొరికిన చోటల్లా చిరిగి వస్తాయి.
తారు వాసన గోళ్ళలోంచి పోదు.

జేబులో ఫోను, ఫోనులో నాలుగు పిలుపులు:
ఎడింబరా, గ్లాస్గో, డర్హమ్, ఆబర్డీన్.
లెక్కలు చదువుకోడానికి రమ్మని.
ఈ సాయంత్రం ఆరులోగా
ఒకరికి అవుననాలి,
ఒకర్ని అవసరానికి అట్టేపెట్టుకోవాలి,
మిగతా ఇద్దరికీ దండం పెట్టాలి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయితే
కనీసం ఏడవొచ్చు.
నాకు నాలుగు వైపులా మంచినీళ్ళే.

"ఏది ఎంచుకున్నా నష్టం లేదు ఓస్లా"
అంది హాల్‌క్రో టీచర్.
ఆ మాట విన్న రోజునుంచే నాకు నిద్ర లేదు.

పట్టిక గీశాను.
పాఠాలకి ఐదు మార్కులు, ఖర్చుకి నాలుగు,
ఊరికి రెండు, ఇంటికి దగ్గరన్నందుకు ఒకటి.
గ్లాస్గో గెలిచింది. మనసు చివుక్కుమంది.
ఖర్చుని మూడు చేశాను.
ఎడింబరా గెలిచింది. మళ్ళీ చివుక్కుమంది.
నేను తూచడం లేదు,
తక్కెడకి వేలు ఆనిస్తున్నాను.
ఎటు మొగ్గాలో ఆ వేలికే తెలీదు.

చూసిరాకపోలేదు.
ఎడింబరాలో రాతిమెట్లు ఎక్కుతుంటే
ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించాను.
డర్హమ్ వాళ్ళు గది చూపించారు, భోజనం పెట్టారు,
అప్పు ఎంతవుతుందో మాత్రం చివర చెప్పారు.
గ్లాస్గోలో ఆయన కాగితం చూడకుండా
ఒక నిరూపణ బోర్డు నిండా పారించాడు.
చప్పట్లు కొట్టాను.
బస్సెక్కేసరికి ఒక్క వాక్యమూ మిగల్లేదు.

ఆబర్డీన్‌లో వాన. దారి తప్పాను.
నడవాలో నేలమీద కూచుని చిప్స్ తింటున్న
రెండో ఏడాది పిల్ల, చిసోమ్,
నా వేళ్ళమీద తాడు కోతలు చూసి
ఏం పని చేస్తావంది.
చెప్పాను. చిప్స్ సంచీమీద వల గీసింది.
"ముడులు లెక్కపెట్టు.
ముడికీ ముడికీ మధ్య తాళ్ళు తీసెయ్.
కన్నులు కలుపు."
ఒకటి.
ఇంకో వల, వంకరది. ఒకటి.
ఒక తాడు తెంపాను:
రెండు కన్నులు కలిసి ఒక్కటైపోయాయి,
తాడొకటి తగ్గింది, కన్నొకటి తగ్గింది,
మళ్ళీ ఒకటే.
పదమూడో ఏటనుంచీ వలలు కుడుతున్నాను,
ఈ ఒకటి నా చేతుల్లోనే ఉందని తెలీదు.
"గొట్టంలా కుట్టేస్తే?" అంది.
నోరు తెరవబోయాను.
"చెప్పకు. ఎందుకో నాకూ పూర్తిగా తెలీదు.
పడవలో ఆలోచించుకో."

రాత్రంతా సముద్రం పొర్లింది.
వాంతులకిచ్చే సంచీమీద లెక్కపెట్టాను.
సున్న.

అయినా పట్టికలో ఆబర్డీన్ ఎప్పుడూ నాలుగోదే.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి" అన్నట్టు
మాగ్నీ ముసలాయన ఇందాక నవ్వాడు.
ఆయన నోట్లో ఎన్ని మిగిలాయో
మర్యాదకి లెక్కపెట్టలేదు.

ఐదున్నరకి బోను అడుగు కుట్టడం మొదలెట్టాం.
గొట్టానికి అడుగు.
సూది ఒక్కో కన్నూ దాటుతోంది,
వేళ్ళ వెనక లెక్క దానంతటదే నడుస్తోంది.
ఆఖరి ముడి బిగించాను.
సున్న పోయి
ఒకటి వచ్చింది.

మూసినందుకా? అడుగున్నందుకా?
బోనుని విప్పి నేలమీద పరిస్తే
ఇది మామూలు వలే కదా!

ఈ మాట ఎవరితోనైనా అనాలని తలెత్తాను.
రాతిమెట్లు గుర్తుకు రాలేదు.
ఆ నిండు బోర్డూ గుర్తుకు రాలేదు.
తడిసిన బూట్లు, ఉప్పంటిన వేళ్ళు,
నేలమీద నా పక్కన కొంచెం చోటు.

"అక్కడో కన్ను వదిలేశావు పిల్లా" అన్నాడు మాగ్నీ.
తెలుసు.
ఒక్క నిమిషం,
చెయ్యి ఖాళీ లేదు.